వెండెల్ పర్సులో ఆర్డిస్ కార్డు

డిసెంబరు ఏడో తారీఖు పొద్దున వెండెల్ ఓట్స్ జావలో ఎండుద్రాక్ష వేసుకుంటూ, "మందుల బీమా మార్చుకోవడానికి ఇవాళే ఆఖరు రోజట. మనకేం, పాతదే ఉంచేద్దాం," అన్నాడు. కిటికీ బయట మంచు కురుస్తోంది. ఆర్డిస్ తలూపి మొగుడికి కాఫీ పోసింది.

ఆ పాత బీమా జనవరి నుంచి ఆవిడ ఆయాసానికి వాడే ఇన్‌హేలర్‌కి వర్తించదని మందుల షాపులో ఎప్పుడో చెప్పారు. సొంతంగా కొనుక్కోవడం వాళ్లవల్ల అయ్యే పని కాదు. ఆ మందు ఇచ్చే బీమా మరొకటుంది గానీ, దాంట్లో వెండెల్ గుండె మాత్రలు లేవు. ఊరి హాల్లో శనివారం జంటలు నలుచదరంగా నిలబడి ఆడే స్క్వేర్ డాన్సు జరిగితే, వేదికెక్కి జంటలకు అడుగులు పాడి చెప్పేది ఆర్డిసే. ఊపిరి అందకపోతే ఆ పాట లేదు. అయినా మొగుడి గుండె కన్నా పాట ఎక్కువా అనుకుని నోరు కుట్టేసుకుంది.

అంతలో తలుపు ధడేల్మని తెరుచుకుని, బూట్ల మంచైనా దులుపుకోకుండా కూతురు జోలీన్ లోపలికొచ్చింది.

"అమ్మా! ఇక పాడనని డాన్సు క్లబ్బు వాళ్లకి చెప్పేశావట? ఊరంతా తెలిసింది, ఇంట్లోవాళ్లకి తప్ప!"

వెండెల్ చేతిలో చెంచా ఆగిపోయింది. "పాడవా? ఏమొచ్చిందే నీకు?"

ఆర్డిస్ కాఫీ కూజా కింద పెట్టి ఉన్నదంతా చెప్పేసింది. వినగానే వెండెల్ ఒంటికాలి మీద లేచాడు.

"ఇన్నాళ్లూ దాచావా? ఆ రెండో బీమాకే ఇద్దరం మారిపోదాం. నా మాత్రల సంగతి నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావ్? నిరుడు గుండె పట్టుకుని గరాజ్‌లో కూలబడ్డావే, అప్పుడు చూసుకున్నట్టా?"

"నువ్వు ఆయాసపడుతుంటే నేను దర్జాగా మాత్రలు మింగుతూ కూర్చోవాలా?"

"అబ్బబ్బ, ఆగండి ఇద్దరూ!" జోలీన్ బల్ల మీద చరిచింది. "అసలు ఇద్దరూ ఒకే దాంట్లో ఉండాలని ఎవరన్నారు?"

ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు చూశారిద్దరూ. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో వెండెల్ పనిచేసినన్నాళ్లూ పెళ్లాం బీమా అతని కార్డు మీదే నడిచింది. రిటైరయ్యాక కూడా అంతేననుకుని, ఏటా ఇద్దరికీ కలిపి ఒకటే ఎంచుకునేవాడు. అది తప్పని వాళ్లకెవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

జోలీన్, పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్ వాళ్లకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "ఎవరిది వాళ్లదేనండీ, మొగుడూపెళ్లాలైనా సరే," అంది అవతలి అమ్మాయి తేలిగ్గా. "మీ కార్డు మీద నంబరు చెప్పండమ్మా."

"నా కార్డెక్కడుంది?" అంది ఆర్డిస్.

వెండెల్ వెనక జేబులోంచి పర్సు తీశాడు. తన కార్డు వెనకాలే ఆవిడది. ఏళ్ల తరబడి అక్కడే ఉండి వంకర తిరిగింది. ఆర్డిస్ చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు.

"నీకు నేను చేసిందల్లా ఇదొక్కటే," అన్నాడు తల ఎత్తకుండా. "నగలు పెట్టానా, షికార్లు తిప్పానా? జబ్బు చేస్తే మాత్రం నా కార్డు చూపించి నిన్ను చూసుకున్నా. ఇదీ ఇచ్చేస్తే ఇక నాతో నీకేం పని?"

ఆర్డిస్ కోపమంతా ఎటుపోయిందో పోయింది. కళ్లు తుడుచుకుని అతని పక్కన కూర్చుంది.

"పిచ్చి మనిషీ! డాన్సులో జంటల్ని విడదీసి చెరో దిక్కుకీ పంపేది నేనేగా? ఎవరెవరివో చేతులు పట్టుకుంటూ చుట్టూ తిరుగుతారు. ఆఖరికి ఎవరి జంట దగ్గరికి వాళ్లు రాకుండా ఎప్పుడైనా పాట ముగించానా? ఇన్నాళ్లూ నువ్వు చూసుకున్నావు. ఇక నా ఊపిరి సంగతి నన్ను చూసుకోనీ."

వెండెల్ కార్డుని చొక్కాకి రెండుసార్లు తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆర్డిస్ ఫోన్ దగ్గరికి వంగి తన నంబరు చదివింది. పక్కింటికి వినపడేంత గట్టిగా చదివింది.

జనవరి మొదటి శనివారం హాలంతా మాంసం, చిక్కుడు గింజలతో వండిన చిల్లీ కూర, దాల్చినచెక్క రొట్టెల వాసన. హ్యాండ్‌బ్యాగులో కొత్త ఇన్‌హేలర్, దాని పక్కనే తన కార్డు పెట్టుకుని ఆర్డిస్ వేదికెక్కింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. ఆ గొంతుకి పైకప్పు అదిరిపోయింది. కూతురితో జంట కట్టిన వెండెల్, పెళ్లాం పాడినట్టల్లా విడిపోయి, ఊళ్లోవాళ్లందరి చేతులూ పట్టుకుంటూ చుట్టూ తిరిగి, రొప్పుతూ వేదిక ముందున్న తన చోటికే, డాన్సులో 'ఇల్లు' అనే చోటికే, వచ్చి నిలబడ్డాడు.

"ఇంటికొచ్చావా, వెండెల్?" అంది ఆర్డిస్ మైకులోనే.

"వచ్చాలే, నువ్వు పాట ఆపకు!" అని అరిచాడు వెండెల్. హాలంతా గొల్లున నవ్వింది.

ఆర్డిస్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకుంది.