మబ్బు రంగు

ఆ ఇంట్లో కోడి కూయకముందే రంగులాయన లేచేవాడు. కూసేదాకా ఆగితే కోడికి లోకువైపోతానని ఆయన భయం. మొహం కూడా కడుక్కోకుండా, మెళ్లో తాడుకి వేలాడే తాళంచెవి పట్టుకుని పెరట్లోకి నడిచేవాడు. బీరువాకి లేని తాళం ఆ ఇంట్లో కోళ్ల గూటికి ఉంది.

ఆయనది రంగుల షాపులో పని. రంగు కలపడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఒకసారి ఒకావిడ వచ్చి, మా అత్తగారింట్లో పాత కర్టెన్ ఉండేది, ఆ రంగు కావాలి, వెలిసిపోయాక ఉన్నది కాదు, వెలవకముందుది అంది. ఆయన కర్టెన్‌నీ చూడలేదు, అత్తగారినీ చూడలేదు. కాసేపు కళ్లు మూసుకుని, కలిపి, డబ్బాలో పోసిచ్చాడు. ఆవిడ గోడకి వేయించుకుని, అత్తగారు గుర్తొస్తున్నారని వారంలో చెరిపించేసింది. అంత కచ్చితం.

అలాంటి మనిషిని మూడేళ్లుగా ఒక్క రంగు ఓడిస్తోంది. మబ్బు రంగు. డబ్బాలో కాదు, కోడి ఒంటి మీద.

పాత జాతి కోళ్లలో అరుదుగా దొరికే రంగది. వాన పడబోయే ముందు ఆకాశం ఎలా ఉంటుందో అలా. ఎంతో దూరం వెళ్లి ఆ రంగు పుంజునీ, నాలుగు పెట్టల్నీ ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. పుంజుదీ మబ్బు రంగే, పెట్టలవీ మబ్బు రంగే, కాబట్టి పిల్లలన్నీ మబ్బు రంగులోనే పుట్టాలని ఆయన లెక్క. డబ్బాలో ఒక రంగు మీద అదే రంగు పోస్తే అదే రంగు వస్తుంది కదా. కోళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. ప్రతిసారీ సగం పిల్లలు మాత్రమే ఆ రంగులో పుట్టేవి. మిగతావాటిలో కొన్ని తారులో ముంచి తీసినట్టు నల్లగా ఉండేవి. కొన్ని తెల్లగా పుట్టి, పెరిగేకొద్దీ ఎవరో పెయింటు బ్రష్ విదిలించినట్టు మచ్చలు తేలేవి.

ఆ రోజు పొద్దున గుడ్లు పొదిగే బల్బు పెట్టె మూత తీసి చూశాడు. కొత్తగా ఆరు పిల్లలు. అందులో నల్లవి మూడు, తెల్లది ఒకటి. ఆ తెల్లది ఆయన్ని నిదానంగా చూసి, రెట్ట వేసింది.

మొహం మాడ్చుకుని లోపలికొచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా కూతురు టిఫిన్ తింటోంది. స్కూలు బస్సు డ్రైవర్ యూనిఫాంలో ఉంది.

"పనికిరానివి నాలుగు వచ్చాయి, పట్టుకుపొమ్మని నీ కూతురికి చెప్పు," అన్నాడు భార్యతో.

"విన్నానని చెప్పమ్మా," అంది కూతురు.

"విందటండీ," అంది భార్య.

ఏడాదిగా ఇదే తంతు. తన రంగు కన్ను కూతురికే వచ్చిందని, షాపులో తన స్టూలు మీద ఆ పిల్లే కూర్చోవాలని ఆయన కోరిక. ఆ పిల్ల బస్సు తాళాలు తీసుకుంది. ఆ రోజు నుంచి ఆయన కూతురితో మాట్లాడలేదు. ఉప్పు అడగాలన్నా భార్య ద్వారానే. ఉప్పు కూతురి చేతి పక్కనే ఉన్నా సరే, కబురు వంటింటి దాకా వెళ్లి వచ్చేది. మధ్యలో ఆవిడకి స్నానానికి వెళ్లాలన్నా భయమే, ఇంట్లో లైను కట్టయిపోతుందని.

రంగు తప్పిన పిల్లల్ని ఆయన గుంపులో ఉండనిచ్చేవాడు కాదు. ఎవరికైనా ఇచ్చెయ్, ఏమైనా చెయ్, నా కంట పడకూడదనేవాడు. కూతురు వాటిని దోసిట్లో పెట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకెళ్లేది. అక్కడ చిరిగిన బస్సు సీట్లతో ఒక గూడు కట్టింది. నల్ల పెట్టలు పెరిగాక ఎవరో ఒకరు అడిగి పట్టుకెళ్లేవారు. మచ్చల పెట్టల్ని ఎవరూ అడగలేదు. నల్ల పుంజు ఒకటి ఉండిపోయింది, అడగడానికి వచ్చినవాళ్లందర్నీ అది పొడిచింది. షెడ్డు వెనక్కి ఆయన ఏనాడూ వెళ్లలేదు. అటు నుంచి గాలి వస్తే ఇటు తిరిగి పీల్చేవాడు.

టీ గ్లాసు పట్టుకుని మళ్లీ పెరట్లోకొచ్చిన ఆయన అక్కడే ఆగిపోయాడు.

షెడ్డు మూల తిరిగి ఒక మచ్చల పెట్ట దర్జాగా నడిచొస్తోంది. దాని వెనకాల ఏడు పిల్లలు. ఏడూ మబ్బు రంగువి. నల్లది ఒక్కటి లేదు. తెల్లది ఒక్కటి లేదు. ఆయన గుడ్లప్పగించి చూశాడు. మళ్లీ లెక్కపెట్టాడు. టీ ఒలికి కాలి మీద పడింది, ఆ కాలు తనది కాదన్నట్టు నిలబడ్డాడు.

తర్వాత ఆయనకి అంతా అర్థమైపోయింది, తప్పుగా.

"నీ కూతుర్ని పిలు," అన్నాడు.

కూతురు బస్సు తాళాలతో గుమ్మంలోకి వచ్చింది. వెనకే తల్లి.

"నా గుడ్లు ఎప్పుడు తీసిందో అడుగు."

భార్య చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని నిదానంగా పిండి తీగ మీద ఆరేసింది.

"నేనడగను. ఆ పిల్ల మీ ఎదురుగానే ఉంది. మీ మాటలు దానికి, దాని మాటలు మీకు మోసీ మోసీ నా సొంత మాటలేవో నేనే మర్చిపోయాను. ఇవాళ్టి నుంచి నా సర్వీసు బంద్."

పుంజు కూడా కూయబోయి మానుకుంది.

రంగులాయన గొంతు సవరించుకున్నాడు. ఏడాదిగా ఆ వైపు వాడని గొంతు. "నా గుడ్లు ఎందుకు దొంగిలించావ్?"

కూతురు చేతిలో తాళాలు గట్టిగా పట్టుకుంది.

"ఏడాది తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇదా నాన్నా?"

"మాట మార్చకు. ఆ రంగు పిల్లలు నా గూట్లో తప్ప పుట్టవు."

"నీ గూటి తాళం నీ మెళ్లోనే ఉంది. స్నానం చేసేటప్పుడు కూడా తీయవు."

"కంచె సందులోంచి చెయ్యి పెట్టుంటావ్."

కూతురు షెడ్డు వెనక్కి వెళ్లి దోసెడు గుడ్డు పెంకులు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పోసింది. "నీ ప్రతి గుడ్డు మీదా ఆకుపచ్చ చుక్క పెడతావ్. వీటి మీద చూపించు."

ఆయన వంగి ఒక్కో పెంకూ తిప్పి చూశాడు. చుక్క లేదు. అయినా తగ్గలేదు. "కడిగేసుంటావ్."

"కడిగితే పోతుందా నీ రంగు?"

"నేను కలిపిన రంగు కడిగితే పోవడమేంటి," అన్నాడు, పౌరుషంగా. అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. భార్య మొహం అటు తిప్పుకుంది.

కూతురు నవ్వలేదు. కళ్ల నిండా నీళ్లు. "పిల్లల్ని నువ్వే ఉంచుకో నాన్నా. పక్క ఊరి బస్సు డిపోలో ఉద్యోగం వచ్చింది, గది కూడా ఇస్తారట. వస్తానో రానో ఇవాళ సాయంత్రం లోపు చెప్పాలి. నీకు చెప్పమంటే, ఈ కబురు మాత్రం నేను మోయనంది అమ్మ. వెళ్లాలా వద్దా అని ఇప్పటిదాకా కొట్టుకున్నాను. ఇప్పుడు తేలిపోయింది."

ఆమె వెళ్లిపోయింది. వీధి చివర బస్సు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

రంగులాయన మొదటిసారి షెడ్డు వెనక్కి నడిచాడు. అక్కడ చిరిగిన సీటు మీద నల్ల పుంజు ఒకటి కూర్చుని ఉంది, డ్రైవర్ లేని బస్సులో కండక్టర్‌లా. దాని చుట్టూ మచ్చల పెట్టలు. గూట్లో అంతకు మించి ఏమీ లేదు.

"ఈ పిల్లల తండ్రి ఇదేనా?" అన్నాడు, వెనకాలే వచ్చిన భార్యతో.

"ఇక్కడ ఇంకే పుంజు ఉంది?"

"నల్ల దానికీ తెల్ల దానికీ మబ్బు రంగు ఎలా పుడుతుంది?"

ఆవిడ ఆయన్ని జాలిగా చూసింది. "షాపులో ఎవరైనా వచ్చి మబ్బు రంగు అడిగితే, మీరేం కలుపుతారండీ?"

ఆయన నోరు తెరిచాడు. తెల్ల డబ్బా తీసి అందులో నలుపు. ఇన్నేళ్ల సర్వీసులో వెయ్యిసార్లు కలిపుంటాడు. నిద్రలో కూడా చెయ్యి ఆ రెండు డబ్బాల వైపే వెళ్తుంది. మూడేళ్లుగా ఆ రెండింటినీ వేరుచేసి, తన చేతులతోనే బయట పడేశాడు.

పుట్టగానే ఎత్తి ఇచ్చేసిన పిల్లలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిని అందుకున్న దోసిలి గుర్తొచ్చింది. తన రంగులో రాలేదని ఇంట్లో ఇంకెవర్ని అలా పక్కన పెట్టాడో ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. చిరిగిన సీటు అంచు పట్టుకుని కిందే కూర్చుండిపోయాడు. నల్ల పుంజు ఆయన్ని కూడా పొడిచింది.

పిల్లల్ని స్కూల్లో దింపి ఖాళీ బస్సు తిరిగొచ్చే వేళకి ఆయన వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. హారన్ కొట్టినా కదల్లేదు. కూతురు బస్సు ఆపి తలుపు తీసింది. ఆయన ఎక్కాడు. ఆమె నడిపే బస్సు ఆయన ఎక్కడం అదే మొదటిసారి. చిన్నపిల్లల కోసం చేసిన ముందు సీట్లో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

"పెద్దవాళ్లని ఎక్కించుకోకూడదు నాన్నా. రూలు."

"పెద్దవాడిలా ఏం చేశాన్లే, పోనీ," అన్నాడు.

బస్సు కదిలింది.

"ఆ నల్ల పుంజు పేరేంటి?"

"నువ్వే పెట్టావ్. పుట్టగానే చూసి 'దరిద్రం' అన్నావ్. నేనూ అమ్మా అదే ఖాయం చేశాం."

ఆయన నవ్వబోయాడు, కుదర్లేదు. చొక్కా అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆమె అద్దంలో చూసి, రోడ్డు పక్కకి తీసి బస్సు ఆపింది.

"దొంగ అన్నాను నిన్ను," అన్నాడు ఆయన. "అంతకన్నా ముందు ఏడాది పాటు ఏమీ అనలేదు. అదే పెద్ద తప్పు. బస్సు బాగా నడుపుతున్నావ్ తల్లీ. గ్లాసులో నీళ్లు పెట్టినా ఒలకవు."

ఆమె చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది. "డిపోకి ఇంకా ఫోన్ చెయ్యలేదు నాన్నా."

"చెయ్యి. వస్తానని చెప్పు. వెళ్లాలని నీకుంటే వెళ్లాల్సిందే. నీ కోళ్లన్నిటినీ నేను చూసుకుంటాను, నల్లవీ మచ్చలవీ కూడా. గూటి తాళం తీసేస్తాను."

"మరి దరిద్రాన్ని?"

"దాన్ని నెత్తిన పెట్టుకుంటాను. ఇవాళ ఒకసారి పొడిచింది, అలవాటవుతుంది."

ఆమె నీళ్ల కళ్లతోనే నవ్వి ఇంజన్ స్టార్ట్ చేసింది. కాసేపాగి ఆయన చిన్న సీట్లోంచి ముందుకి వంగాడు.

"అక్కడికెళ్లాక రోజూ ఫోన్ చెయ్యి," అన్నాడు. "నాకే చెయ్యి. మీ అమ్మ సర్వీసు బంద్ చేసేసింది."