ఆరంగుళాలా, ఐదంగుళాలా?

“బ్యారెల్ ఇంకో అంగుళం పొడుగు కావాలి,” అంటూ ఆమె పిస్టల్ పెట్టెను బల్ల మీద పెట్టింది.

“వద్దు,” అన్నాడతను, చేతిలో ఆకురాయి ఆపకుండానే.

ఆమె నివ్వెరపోయింది. “ఏమిటి వద్దు? కొనడానికొచ్చిన మనిషిని వద్దు పొమ్మనే కొట్టు ఇదే చూడ్డం!”

అతను షూటింగ్ రేంజ్ వెనక వర్క్‌షాప్‌లో పిస్టళ్లు బాగుచేసే మెకానిక్. అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబిస్తాడు కాబట్టి రేంజ్‌లో అందరూ ‘మౌనస్వామి’ అంటారు. ఆమె ఆ ఊరికి కొత్త. క్లబ్ జట్టులో ఉన్న ఒకే ఒక్క ఖాళీ కోసం వచ్చింది. పాత ఊళ్లో రెండుసార్లు ఎంపికలో తప్పింది. ఈసారీ తప్పితే ఇక పిస్టల్ ముట్టనని నాన్నకు మాటిచ్చింది.

“మా నాన్న ముప్పై ఏళ్లు కోచ్‌గా చేశారు. బ్యారెల్ పొడుగైతే ముందు బరువు పెరుగుతుంది, పేలినప్పుడు ముక్కు ఎగరదు, చేతికి మెత్తగా ఉంటుంది. కాదంటారా?”

“అనను.”

“మరి?”

అతను లేచి, అల్మారాలోంచి ఆరంగుళాల బ్యారెల్ ఉన్న పైభాగం తీసి ఆమె పిస్టల్‌కి బిగించాడు. “రండి.”

బయట వాన. రేంజ్ రేకుల మీద ఒకటే మోత. ఎదురుగా అయిదు ఇనప పళ్లేలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆమె కాల్చింది. కళ్లు మెరిశాయి.

“అబ్బ! వెన్నలా ఉంది!”

“మూడో పళ్లెం పడలేదు.”

“అది నా తొందర.”

“మళ్లీ కాల్చండి.”

ఈసారి నాలుగోది పడలేదు. అతను ఫోన్‌లో తీసిన వీడియో నెమ్మదిగా నడిపి చూపించాడు. ముందు బరువుకి పిస్టల్ ముక్కు ప్రతి పళ్లేన్నీ కాస్త దాటిపోయి, మళ్లీ వెనక్కి వస్తోంది. తర్వాత ఐదంగుళాలది బిగించి ఇచ్చాడు. చేతికి కొంచెం తన్నింది. కానీ అయిదు పళ్లేలూ వరసగా పడ్డాయి.

ఆమె పళ్లేలకేసీ పిస్టల్‌కేసీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ మెత్తగా ఉండడమే మేలనుకుంది!

“మీకు మెత్తదనం తూటాలోనే వచ్చేసింది. మందు తక్కువ నింపిన తూటాలు వాడుతున్నారు కదా. ఇంకా బరువెందుకు?” అన్నాడతను. అంత పొడుగు మాట మాట్లాడినందుకు అతనే కంగారుపడ్డట్టు తల దించుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె రోజూ వచ్చింది. స్ప్రింగ్ బిగుతు అనేది, ట్రిగ్గర్ గట్టిగా ఉందనేది. ఒకరోజు ఏ వంకా దొరక్క, “ఊరికే వచ్చాను,” అంది. అతను ఆకురాయి కింద పడేసుకున్నాడు.

“మౌనస్వామిగారూ, ఆకురాయికి కూడా ఆశ్చర్యం వేస్తుందా?”

“జారింది.”

“ఏది, ఆకురాయేనా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఇంటికి వెళ్లేదాకా నవ్వుకుంటూనే ఉంది.

నాన్న మనసు కష్టపెట్టకూడదని ఆరంగుళాలది కూడా కొని పెట్టెలో ఉంచుకుంది.

ఎంపిక రోజు వచ్చింది. ఆటకు ముందు పిస్టళ్ల తనిఖీ. అక్కడ బల్ల మీద ఏది బిగించి పెడితే రోజంతా దానితోనే కాల్చాలి, మార్చడానికి లేదు. ఆమె నాన్నతో కలిసి వరసలో నిలబడి వెనక్కి తిరిగింది.

వెనక మౌనస్వామి. నడుముకు బెల్టు. బెల్టుకు పిస్టల్.

“మీరేంటి ఇక్కడ?”

“పోటీకి.”

“ఈ ఒక్క ఖాళీకేనా?”

తల ఊపాడు. ఆమె చూపు అతని నడుము మీదికి వెళ్లింది. అతని పిస్టల్‌కి ఉన్నది ఆరంగుళాల బ్యారెల్!

నాన్న కూడా చూశారు. ఆయన ముఖం నల్లబడింది. “చూశావా చిట్టీ? నీకు పొట్టిది అంటగట్టి తను పొడుగుది పెట్టుకున్నాడు. పోటీదారు చెప్పిన మాట విన్నావు!”

“నాన్నా, ఒక్క నిమిషం.” ఆమె అతని వైపు తిరిగింది. “మీకు ఆరు, నాకు ఐదు. ఎందుకు?”

“నేను బండలా నిలబడి నిదానంగా కాలుస్తాను. మీరు పళ్లెం నుంచి పళ్లేనికి గిర్రున తిరుగుతారు. నా చొక్కా మీకు పడుతుందా?”

“పోటీలో ఉన్నానని ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లేవారు.”

“వెళ్తే?”

అతని చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. “రోజూ వచ్చేవారు కాదు.”

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంలో ఇంకేదో కూడా ఉంది, దాన్ని చూసే తీరిక లేదు. “తర్వాతెవరు?” అని తనిఖీ ఆఫీసరు కేకేశాడు.

“చెప్పండి, ఏది పెట్టను?” అని ఆమె అతన్నే అడిగింది.

“నన్నడగొద్దు. ఈరోజు నేనేం చెప్పినా మీరు నమ్మకూడదు.”

మంచి మాట పోటీదారు నోటి నుంచి వస్తే చెడ్డదైపోతుందా? కన్నతండ్రి ప్రేమతో చెప్పింది కాబట్టి ప్రతిదీ సరిపోతుందా? భగవంతుడు మనిషికి కళ్లిచ్చింది ఇలాంటప్పుడు వాడుకోవడానికేనేమో. ఆమె కళ్లు మూసుకుని ఆ వాన రోజు పడిన అయిదు పళ్లేలను చూసింది. అవి ఎవరో చెప్పినవి కావు, తను కాల్చినవి.

ఐదంగుళాలది బిగించి బల్ల మీద పెట్టింది.

ఆట ముగింపుకొచ్చేసరికి ఇద్దరే మిగిలారు. ముందు అతను కాల్చాడు. నిదానంగా, ఒక్కటీ పోకుండా. చిట్టచివరి పళ్లెం మాత్రం ఊగి, మళ్లీ లేచి నిలబడింది. జనమంతా “అయ్యో!” అన్నారు. తర్వాత ఆమె గిర్రున తిరిగింది. టంగ్, టంగ్, టంగ్! ఒక్కటీ నిలవలేదు.

ఖాళీ ఆమెది!

నాన్న ఆనందంతో ఏడుస్తున్నారు. ఆమె మాత్రం తిన్నగా అతని దగ్గరికి వెళ్లింది.

“నా కోసం కావాలని ఓడిపోయారా?”

మౌనస్వామి నిర్ఘాంతపోయాడు. తర్వాత ఎవరూ ఎన్నడూ విననంత గట్టిగా అరిచాడు. “నేనా? కావాలనా? నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నానండీ ఈ చోటు కోసం! ఆ దిక్కుమాలిన పళ్లెం పడనందుకు కడుపు మండిపోతోంది! మీరు గెలిచారని సంతోషమే, కానీ నేను ఓడిపోయినందుకు ఏడుపొస్తోంది! దయచేసి, దానం చేశానని మాత్రం అనకండి!”

ఆమె ఊపిరి పీల్చుకుంది. అతను దయ తలచి ఉంటే ఈ జన్మలో మళ్లీ ఆ ముఖం చూసేది కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గరికి జరిగి, అతనికి మాత్రమే వినపడేలా రహస్యంగా చెప్పాననుకుంది.

“మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది!”

రేంజ్ మొత్తం కొయ్యబారిపోయింది. ఆఫీసరు చేతిలో గడియారం జారింది. తూటాల మోత వినపడకుండా చెవులకు మఫ్‌లు పెట్టుకున్న మనిషికి తన గొంతు తనకు తెలియదు. ఆమె రహస్యం గేటు దగ్గరి వాచ్‌మన్‌కి కూడా వినపడింది.

నాన్న వచ్చి ఆమె మఫ్‌లు మెల్లగా తీశారు. “ఇవి తీసి మాట్లాడాలి చిట్టీ. సర్లే, ఊరందరితో పాటు నేనూ విన్నాను. విడిగా చెప్పక్కర్లేదు.”

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

నాన్న అతని వైపు తిరిగారు. “ఏమయ్యా, గెలవడానికి దొంగ సలహా చెప్పావనుకున్నాను. నాదే పొరపాటు. నిన్ను అల్లుడు చేసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. మా అమ్మాయి అడిగింది, జవాబు చెప్పు.”

అతని పెదవులు కదిలాయి.

“గట్టిగా చెప్పవయ్యా!” అని వెనక నుంచి ఆఫీసరు అరిచాడు. “ఇక్కడందరి చెవులూ మూసే ఉన్నాయి!”

మౌనస్వామి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. “ఇష్టమే!” అని రేకులు అదిరేలా అరిచాడు.

మఫ్‌లు లేకుండా ఉన్నది ఆమె ఒక్కతే. ఉలిక్కిపడి, చెవులు మూసుకుని, పకపకా నవ్వేసింది.