కదలని గీత

సిరిల్ చెవి వెనకాల పిస్తోలు పేలింది.

కిటికీ అద్దాలు గలగలలాడాయి. పక్క గదిలో గుమస్తా ఎవరో టీ కప్పు జారవిడిచాడు. సిరిల్ వేళ్ళకి రెండు తీగలు తగిలించి ఉన్నాయి. అవి కంప్యూటర్ తెర మీద గీస్తున్న పచ్చగీత మాత్రం తిన్నగా సాగిపోయింది.

"బ్లాంక్ తూటా," అన్నాడు చీఫ్ రాజశేఖర్, పిస్తోలు సొరుగులో పెట్టేస్తూ. "పేలుస్తానని ముందే అనుకున్నావా?"

"లేదు సార్."

"మరి?"

"పేలిందని తెలిసింది," అన్నాడు సిరిల్.

గూఢచారి శాఖ కలకత్తా ఆఫీసులో అంతకుముందు పద్నాలుగు మంది ఏజెంట్లకి ఈ పరీక్ష పెట్టారు. పద్నాలుగు మంది అరచేతులూ చెమర్చాయి, పద్నాలుగు గీతలూ ఎగిరిపడ్డాయి. సిరిల్ గీత ఒక్కటే కదల్లేదు. రెండేళ్ళ క్రితం భార్య డయానా జ్వరంతో పోయినప్పటినుంచి అతను అలాగే ఉన్నాడు. ఏడవలేదు, తాగలేదు, సెలవు పెట్టలేదు. అన్నం తింటే కడుపు నిండినట్టు తెలుస్తుంది, రుచి తెలియదు. డాక్టర్లు దానికొక పొడుగాటి పేరు పెట్టారు. డిపార్ట్‌మెంటు దానికొక మిషన్ వెతికిపెట్టింది.

"ఖరగ్‌పూర్. నువ్వు పుట్టిన ఊరే," అంటూ చీఫ్ ఫైలు తెరిచాడు.

తెలుగు రైల్వే కుటుంబాలుండే ఖరిదా బజారు వెనక ఒక రెండంతస్తుల ఇంట్లో ఆర్నెల్లుగా నిద్ర పరిశోధన కేంద్రం ఒకటి నడుస్తోంది. బోర్డు మీద డాక్టర్ రిచర్డ్ అని ఉంది. అతనికి పాస్‌పోర్టులు మూడు, పేర్లు మూడు, డాక్టరు పట్టా మాత్రం ఒక్కటీ లేదు. రైళ్ళు నడిపేవాళ్ళని పిలిచి, తలకి తీగల టోపీ పెట్టి, వరసగా ఫొటోలు చూపించి, నిద్ర ఎందుకు పట్టట్లేదో ఉచితంగా రిపోర్టు రాసిస్తాడు. అది పైకి. మనసులో పెట్టుకున్న వస్తువు కంటపడితే సెకనులో మూడోవంతు గడిచేసరికి మెదడులో ఒక తరంగం లేస్తుంది, ఆ వెనకే అరచేయి చెమరుస్తుంది. మనిషి నోరు మూసుకోగలడు గానీ వీటిని మూసుకోలేడు. పన్నెండు స్టేషన్ల ఫొటోలు చూపిస్తే, ఎదుటివాడు దాచుకున్న స్టేషన్ ఏదో యంత్రం చెప్పేస్తుంది.

ఎల్లుండి పొద్దున ఖరగ్‌పూర్ నుంచి సైన్యానికి మందుగుండు మోసే స్పెషల్ రైలు బయల్దేరుతుంది. దారిలో సర్డిహా స్టేషన్లో నలభై నిమిషాలు ఆగుతుంది. ఆగిన చోట దాన్ని పేల్చెయ్యాలని రిచర్డ్ మనుషులు చూస్తున్నారు. ఎక్కడ ఆగుతుందో నడిపే డ్రైవరు జగ్గారావు ఒక్కడికే చెప్పారు. ఆ జగ్గారావుకి రేపు పదకొండు గంటలకి రిచర్డ్ దగ్గర పరీక్ష ఉంది. ఆ పరీక్ష సరిగ్గా జరిగిందంటే తన చావు ఎక్కడో తానే, నోరు విప్పకుండా, చెప్పేసి వస్తాడు.

రిచర్డ్‌ని ఇప్పుడే పట్టుకోవచ్చు కదా అని సిరిల్ అడిగాడు. పట్టుకుంటే లైను పక్కన బాంబుతో కాచుకుని ఉన్నవాడు మాయమవుతాడన్నాడు చీఫ్. వాడెవడో ఎవరికీ తెలియదు. రిచర్డ్ ఫోన్ నుంచి వాడికి ఒక స్టేషన్ పేరు వెళ్ళాలి, ఆ పేరు తప్పుది కావాలి, అది వెళ్ళే దారి వెంట మనవాళ్ళు వెళ్ళాలి.

"జగ్గారావుకి చెప్పేస్తే?"

"చెప్తే భయపడతాడు. భయపడితే గీతలో కనపడుతుంది," అని చీఫ్ ఒక మోకాలి నొప్పి ఆయింట్‌మెంట్ ట్యూబు బల్ల మీద పెట్టాడు. దాని అడుగున పెన్‌డ్రైవ్ ఉంది. అందులోని ఫొటోల్లో సర్డిహా లేదు. బేల్దా స్టేషన్ ఫొటోలో మాత్రం ఒక మూల ఎర్ర సిగ్నల్ వెలుగుతోంది.

అదెందుకో సిరిల్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతని తండ్రి సొలొమోను డ్రైవరే. ఇంజన్లో సిగ్నల్ కనపడగానే డ్రైవరు చెయ్యెత్తి రంగు పైకి పలకాలి, పక్కనున్న అసిస్టెంటు దాన్ని తిరిగి పలకాలి. తిరిగి పలికితేనే ఇద్దరూ చూసినట్టు లెక్క. ముప్ఫై ఏళ్ళు ఆ రూలులో బతికినవాడి ముందు రెడ్ పెడితే ఒళ్ళంతా లేచి నిలబడుతుంది. ఆ ముప్ఫై ఏళ్ళ మొదట్లో జగ్గారావుని అసిస్టెంటుగా కూర్చోబెట్టుకుని పలకడం నేర్పింది సొలొమోనే.

"పెన్‌డ్రైవ్ యంత్రంలో పెట్టేది రిచర్డ్ దగ్గరుండే కిరణ్మయి," అన్నాడు చీఫ్. "డబుల్ ఏజెంట్. మనకోసం వాళ్ళ దగ్గర పనిచేస్తోంది. లేదా వాళ్ళకోసం మన దగ్గర."

"రెండిట్లో ఏది సార్?"

"తిరిగొస్తే నువ్వే చెప్పు."

మర్నాడు పదిన్నరకి నెరిసిన గడ్డంతో, మందపాటి కళ్ళద్దాలతో, లూకా అనే పార్సిలాఫీసు గుమస్తా వేషంలో సిరిల్ ఖరిదాలో రిక్షా దిగాడు. ఎదురుగా కొబ్బరిబోండాల బండి ఉంది. దాని కింది గోనెపట్టాలో ఫోన్ల జాడ పట్టే యంత్రం ఉంది. బండివాడు డిపార్ట్‌మెంటు మనిషే అయినా అప్పటికే నలభై బోండాలు అమ్మి మంచి హుషారుగా కనిపించాడు.

వరండా బెంచీ మీద జగ్గారావు భార్య చిట్టెమ్మ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన మనిషి కూర్చుంటే పలకరించకుండా ఉండగలిగిన ఆవిడ కాదు.

"నీకూ నిద్దర పట్టదేటి బాబూ?"

"పడతాదమ్మా. లేసినట్టుండదు," అన్నాడు సిరిల్.

ఆవిడ జాలిగా చూసి తన గోడు అందుకుంది. "మా ఆయన నిద్దర్లో కూడా సిగ్నలు పలుకుతాడు. నాను తిరిగి పలకాల. పలకనేదనుకో, లేసి కూకుంటాడు. బండి ఆగిపోనాదేటే అని అడుగుతాడు. ముప్పై ఏళ్ళయినాది నాను కంటినిండా పడుకుని. ఆ రిపోర్టేదో నాకు రాయాల."

జగ్గారావు ఇదంతా విననట్టు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. సిరిల్‌ని ఒకసారి పరకాయించి చూసి, ఎక్కడో చూసినానే అన్నాడు. పార్సిలాఫీసులో సూసుంటారు బాబాయ్ అన్నాడు సిరిల్. గుండె దడదడలాడాల్సిన సమయమే అది. ఏమీ ఆడలేదు.

అప్పుడు కిరణ్మయి బయటికి వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, ఎర్రని పెదాలు, మొజాయిక్ నేల మీద హైహీల్స్ చప్పుడు. వరండాలో ఉన్న రైల్వే మగాళ్ళందరి నాడీ ఒక్కసారిగా పెరిగింది. ఆ కేంద్రంలో గీతలు అంత అస్తవ్యస్తంగా వచ్చేవంటే సగం పాపం ఆమెదే.

"దీదీ, ఈ కుర్చీలో కూర్చుంటే తలనొప్పి వస్తాదా?" అని సిరిల్ కోడ్ పలికాడు.

"తల ఉన్నవాళ్ళకే వస్తుంది," అని ఆమె జవాబు కోడ్ చెప్పింది.

ఒంటిమీద మందులేవీ ఉండకూడదన్నారు కదా అంటూ ట్యూబు చేతికిచ్చాడు. ఆమె దాన్ని రెండు వేళ్ళతో అందుకుని నవ్వింది. ఆ నవ్వు ఎవరి తరఫుదో తెలియలేదు.

లోపల హాల్లో రెండు కుర్చీలు, వాటి మధ్య అడ్డంగా గుడ్డ తెర. ఒకదానిలో జగ్గారావు, రెండోదానిలో సిరిల్. ఎదురుగా అద్దాల గదిలో రిచర్డ్, అతని ముందు ఇద్దరి గీతలూ. జగ్గారావు తలకి తీగల టోపీ పెట్టారు. కొత్తవాళ్ళకి మొదటిరోజు వేళ్ళ తీగలు మాత్రమే. రిచర్డ్ కొత్తవాళ్ళెవరినీ నమ్మడు, అందుకే వాళ్ళకి చూపించే ఫొటోలు వేరేగా ఉంటాయి.

సిరిల్ ముందున్న కంప్యూటర్ మీద ఒక పూలకుండీ వచ్చింది. తరవాత ఒక పిస్తోలు. తరవాత కలకత్తా ఆఫీసు గేటు. తరవాత కారు దిగుతున్న చీఫ్ రాజశేఖర్. సిరిల్ అన్నిటినీ గుర్తుపట్టాడు. ఏదీ లోపలికి దిగలేదు. అద్దం వెనక రిచర్డ్ తృప్తిగా తలాడించి జగ్గారావు గీత వైపు తిరిగాడు.

తెర అవతల ఫొటోలు మొదలయ్యాయి. ఫొటో మారినప్పుడల్లా టిక్ అని చిన్న చప్పుడు. సిరిల్ లెక్కపెట్టాడు. నాలుగు, అయిదు, ఆరు. కిరణ్మయి పెన్‌డ్రైవ్ పెట్టకపోతే ఇక వచ్చేవాటిలో ఏదో ఒకటి సర్డిహా అవుతుంది.

ఏడో టిక్కు పడింది.

"రెడ్," అన్నాడు జగ్గారావు. చెయ్యి పైకి లేచింది కాబోలు, కుర్చీ కిర్రుమంది.

అయితే కిరణ్మయి మన మనిషే అనుకున్నాడు సిరిల్. అద్దం వెనక రిచర్డ్ ముందుకు వంగాడు. యంత్రం లెక్క తేల్చడానికి ఇంకో అర నిమిషం కావాలి. అంతవరకూ జగ్గారావు కుర్చీలో ఉండాలి.

"రెడ్," అన్నాడు జగ్గారావు మళ్ళీ. ఎవరూ పలకలేదు. కుర్చీ మళ్ళీ కిర్రుమంది. పలకకపోతే లేచి కూర్చుంటాడని చిట్టెమ్మ చెప్పనే చెప్పింది. లేచి టోపీ తీసేస్తే పరీక్ష ఆగిపోతుంది. తప్పు పేరు వెళ్ళదు, బాంబు పెట్టేవాడు దొరకడు, రేపు బండి బయల్దేరుతుంది.

ఎవరో ఒకరు పలకాలి.

డయానా రైల్వే పిల్ల కాదు, కాకినాడ నుంచి వచ్చింది. మామగారి దగ్గర ఈ ఆట నేర్చుకుంది. స్కూటరు వెనక కూర్చుని ప్రతి సిగ్నల్ దగ్గరా సిరిల్ భుజం మీదుగా చెయ్యి చాచి రంగు పలికేది, అతను తిరిగి పలికేదాకా వీపు మీద తట్టేది. చివరిరోజు ఆసుపత్రిలో వార్డు తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. ఆమె దుప్పట్లోంచి ఒక వేలు ఎత్తి, రెడ్, అంది. సిరిల్ ఆమె దుప్పటి సర్దాడు. ఒక్క నిమిషం ఆగి పలుకుదామనుకున్నాడు. ఆ నిమిషం అతనికి దొరకలేదు.

"రెడ్," అన్నాడు సిరిల్.

తెర అవతల జగ్గారావు ఊపిరి వదిలి వెనక్కి వాలాడు. తెర ఇవతల సిరిల్ అరచేతులు తడిశాయి.

రిచర్డ్ అద్దాల గదిలోంచి బయటికి వచ్చాడు. ఎడమ చేతిలో ఫోన్, దాని మీద బేల్దా అని టైపు చేసి ఉంది, ఇంకా పంపలేదు. కుడి చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు. పిస్తోలు బొమ్మకి కదలనివాడు ఒక్క మాటకి ఎందుకు కదిలాడని మెల్లగా హిందీలో అడిగాడు.

జవాబు కిరణ్మయి చెప్పింది. "వేలి తీగ ఊడింది డాక్టర్. గాలికి ఆడితే గీత అలాగే లేస్తుంది."

నిజంగానే ఒక తీగ ఊడి ఆమె చేతిలో వేలాడుతోంది. ఎప్పుడు లాగిందో సిరిల్‌కి తెలియదు. రిచర్డ్ మనుషులని నమ్మడు, యంత్రాన్ని నమ్ముతాడు. తీగ మళ్ళీ పెట్టమన్నాడు. అరవై సెకన్లు చూస్తాను, గీత లేచిందా, కాల్చేస్తాను, అన్నాడు. అద్దాల గది గుమ్మంలో నిలబడి పిస్తోలు సిరిల్ వైపు గురిపెట్టి, కళ్ళు గీత మీద పెట్టాడు.

సిరిల్ పాత సిరిల్ అయిపోవాలని చూశాడు. రెండేళ్ళు కష్టపడకుండా వచ్చిన విద్య ఇప్పుడు కావాలంటే రాలేదు. ఎర్రలైటు, దుప్పటి, వేలు. అరచేతి చెమట మణికట్టు దాకా జారింది. ఇక అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తీగలు సర్దుతున్న కిరణ్మయి ఆ రెండు క్లిప్పులనీ తన వేళ్ళకి పెట్టుకుని, పైన పట్టుచెంగు కప్పేసింది. ఆమె తల పిస్తోలుకి సరిగ్గా ఎదురుగా ఉంది.

అరవై సెకన్లూ గీత తిన్నగా పడుకుంది. సిరిల్ పాత గీతకన్నా తిన్నగా.

రిచర్డ్ పిస్తోలు దించి ఫోన్ మీద వేలు నొక్కాడు. బేల్దా వెళ్ళిపోయింది. అవతలినుంచి ఠీక్ హై అని బదులు వచ్చింది. ఆ రెండు ముక్కలు చాలు, వీధిలో గోనెపట్టా కింద యంత్రానికి జాడ దొరికింది. కొబ్బరిబోండాలవాడు కత్తి పట్టుకునే లోపలికి వచ్చాడు. రిచర్డ్ పిస్తోలు ఎత్తబోయి, ఆ కత్తి పొడవు చూసి మనసు మార్చుకున్నాడు. బాంబు పెట్టేవాడు సాయంత్రానికి బేల్దా వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద దిగుతూనే దొరికిపోయాడు.

కిరణ్మయి వేళ్ళ క్లిప్పులు తీసి బల్ల మీద పెట్టింది.

"మీకు భయం వెయ్యలేదా?" అని సిరిల్ అడిగాడు.

"ఎవరికోసం వెయ్యాలి?" అందామె, నగలు సర్దుకున్నంత మామూలుగా. సిరిల్‌కి ఆమె మీద జాలేసింది. జాలి వేసిందని తెలిసి ఆశ్చర్యపోయాడు.

వరండాలో చిట్టెమ్మ క్యారేజీ విప్పుతోంది. లోపల గొడవేమిటని అడిగితే డాక్టరుకి వేరే ఊరు బదిలీ అయిందని బండివాడు చెప్పాడట. జగ్గారావు మాత్రం సిరిల్ దగ్గరికి వచ్చి గడ్డం కొస పట్టుకుని మెల్లగా లాగాడు. గడ్డం సగం ఊడింది.

"ఒరే సిరిలూ. నువ్వు పలికినప్పుడే తెలిసినాది. అచ్చం మీ నాన్న పలికినట్టే పలికినావు." తరవాత, అభిమానంగా, "మా కోడలేదిరా? డయానా బాగున్నాదా?" అన్నాడు.

ఆఫీసు వాళ్ళకి కాయితం మీద రాసి ఇచ్చాడు గానీ సిరిల్ ఆ మాట ఇంతవరకూ నోటితో ఎవరికీ చెప్పలేదు.

"పోనాది బాబాయ్," అన్నాడు. "రెండేళ్ళయినాది."

అంటూనే ఏడ్చాడు. మిగతా సగం గడ్డం తడిసి తనంతట తానే ఊడింది. జగ్గారావు పక్కన కూర్చున్నాడు. చిట్టెమ్మ క్యారేజీ మూతలో పప్పన్నం కలిపి చేతిలో పెట్టింది. ఉప్పు కొంచెం ఎక్కువైందని సిరిల్‌కి తెలిసింది.

మందుగుండు స్పెషల్ మర్నాడు సర్డిహాలో నలభై నిమిషాలు ఆగి, క్షేమంగా వెళ్ళిపోయింది.

సోమవారం కలకత్తాలో చీఫ్ రాజశేఖర్ మళ్ళీ తీగలు తగిలించాడు. టీ ఇచ్చాడు. చెవి వెనక పిస్తోలు పేల్చాడు. సిరిల్ కుర్చీలోంచి జానెడు ఎగిరాడు, టీ అంతా చొక్కా మీద పడింది, గీత తెర దాటి పైకి పోయింది. చీఫ్ నిట్టూర్చి ఫైలు తీసి, ఈ రకం పనులకి ఇక పనికిరాడు అని రాశాడు. దాని కింద కారణం అనే గడి ఉంది. కాసేపు ఆలోచించి, బతికి ఉన్నాడు, అని రాసి సంతకం పెట్టాడు.