పదిహేడో తేదీ బూజు

ఫిబ్రవరి మూడు. ఉదయం పది గంటల నలభై నిమిషాలు. జపాన్‌లో, నీగాతాలోని ఒక పెద్దాసుపత్రిలో హిరానో తాత్సువో చనిపోయాడు. వయసు అరవై ఒకటి.

ఊపిరితిత్తుల్లో ఫంగస్ అని ఏడు వారాలు మందులిచ్చారు. పోస్ట్‌మార్టమ్‌లో ఫంగస్ జాడే లేదు. ఉన్నది క్షయ. దానికి ఒక్క మాత్ర పడలేదు.

పద్నాలుగు రోజుల తర్వాత, సోమవారం తొమ్మిది ఇరవైకి, ఇన్‌స్పెక్టర్ కువబారా సాయే ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో అడుగుపెట్టింది. హిరానో భార్య చెప్పిన మాట ఇంకా ఆమె చెవిలోనే ఉంది. "చివరి వారం కిటికీ తెరవమనేవారండీ. బయట మంచు కురుస్తున్నా సరే, గాలి చాలట్లేదు, తెరువు అనేవారు." అది గుర్తొచ్చినప్పుడల్లా సాయేకి తన ఊపిరే బరువయ్యేది.

పోయినవాడు పోయాడు. మూడో అంతస్తులో నారుమి మియో ఇంకా బతికి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు, రక్త క్యాన్సర్. ఎముక మజ్జ ఇవ్వడానికి అక్క సిద్ధంగా ఉంది. కానీ మియోకీ ఇదే ల్యాబ్ ఫంగస్ అని రాసిచ్చింది. ఫంగస్ ఉండగా మజ్జ మారిస్తే ప్రాణం పోతుంది. మార్చకపోతే క్యాన్సర్ ఆగదు. సాయంత్రం ఐదింటికి డాక్టర్లు తేల్చాలి.

"మీ దగ్గర రెండు పరీక్షలున్నాయి కదా డాక్టర్‌గారూ?" అంది సాయే.

"ఉన్నాయి. రెండూ పీసీఆర్‌లే." ల్యాబ్ అధిపతి ఇగరాషి విసుగ్గా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఊపిరితిత్తులు కడిగిన నీళ్ళలో ఫంగస్ జన్యువు వెతుకుతాయి. పాతది ఒక్క దొంగ ముఖమే గుర్తుపడుతుంది. కొత్తది ఆ వంశంలో ఎవరొచ్చినా కేక పెడుతుంది. ఏది మేలో తేల్చడానికి నవంబర్ నుంచి ప్రతి శాంపిల్‌నీ రెండింటిలో నడుపుతున్నాం."

"ఎన్ని?"

"రెండొందల పన్నెండు. ఐదింట్లో తగువు పడ్డాయి. కొత్తది ఉందంది, పాతది లేదంది. నర్సులైతే కొత్త మెషీన్‌కి దెయ్యం పట్టిందంటున్నారు."

"మీరు దెయ్యం మాటే నమ్మారా?"

"కొత్తది చురుకైనదని నమ్మాను." ఆయన గొంతు తగ్గింది. "పాతది చూడలేనిది చూసిందనుకున్నాను."

కొత్త పరీక్ష కిట్ అమ్మిన తెరావో పక్కనే చెమటలు కక్కుతున్నాడు. "మా కిట్‌లో లోపం లేదు మేడమ్! ప్రతిసారీ ఉత్త నీళ్ళ గొట్టం ఒకటి పెడతాం. అది ఎప్పుడూ శుభ్రంగానే వచ్చింది."

"ఆ గొట్టం మూత ఎవరు తీస్తారు?"

"ఎవరూ తియ్యరు. సీలుతో వస్తుంది, నేరుగా మెషీన్‌లోకి పోతుంది."

"రోగుల గొట్టాలో?"

"నేను తీస్తానండీ," అంది మూలనున్న టెక్నీషియన్ హోషినా చిజు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, సన్నటి గొంతు. ఆమె వంగి పుస్తకం అందిస్తుంటే జుట్టులోంచి అగరొత్తి వాసన వచ్చింది.

సాయే పుస్తకం తిరగేసింది. తగువు పడ్డ ఐదింట్లో మూడు డిసెంబర్ పదిహేడున, మంగళవారం. రెండు జనవరి పదిహేడున, శుక్రవారం. హిరానోది మొదటి తేదీ. మియోది రెండోది.

వారాలు కలవలేదు. కిట్ బ్యాచ్ నంబర్లూ కలవలేదు. అందుకే ఇంతమంది చదువుకున్నవాళ్ళకి తట్టలేదు. నెలనెలా తప్పకుండా ఒకే తేదీన వచ్చేది ఏమిటి? సాయేకి మాత్రం తెలుసు. ఆమె భర్త పోయింది ఎనిమిదో తేదీన. ఆరేళ్ళుగా ప్రతి ఎనిమిదిన అతని ఫోటో ముందు అన్నం పెట్టి, అగరొత్తి వెలిగించాకే డ్యూటీకి వస్తుంది.

గోడ మీది క్యాలెండర్ చూసింది. ఈ రోజు పదిహేడు. ఇగరాషిని ఒక్కడినే నడవాలోకి తీసుకెళ్ళింది.

"డాక్టర్‌గారూ, ఆరు గొట్టాల్లో ఉత్త నీళ్ళు పొయ్యండి. మూడు చిజు గారు తెరవాలి, మూడు ఇంకొకరు. రెండు పరీక్షలూ నడపండి. అవి నీళ్ళని ఎవరికీ చెప్పకండి."

పదకొండు పదికి మొదలైంది. రెండు నలభైకి ఫలితం వచ్చింది. మూడింటికి సాయే అందరినీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి తలుపు వేసింది.

"ఇంకొకరు తెరిచిన నీళ్ళు శుభ్రం. చిజు గారు తెరిచిన మూడింట్లో రెండింటికి కొత్త పరీక్ష కేక పెట్టింది. పాతది పలకలేదు. చిజు గారూ, పదిహేడో తేదీన మీ ఇంట్లో ఎవరు పోయారు?"

చిజు ముఖం పాలిపోయింది. "మా నాన్న. నవంబర్‌లో."

"ఏం చేసేవారు?"

"సాకే అని, బియ్యం సారా తీసే పెద్ద మేస్త్రీ. నలభై ఏళ్ళు. ఉడికిన బియ్యానికి బూజు పట్టించేవారు." చెబుతూనే ఆమెకి అర్థమైపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అదీ ఆ వంశంలోదేనా డాక్టర్‌గారూ?"

"అదే వంశం," అన్నాడు ఇగరాషి. "మనిషికి హాని చెయ్యదు. పాత పరీక్ష దాన్ని గుర్తుపట్టదు. మనం రోజూ తాగే పులుసులో వేసేది ఆ బూజుతో పులియబెట్టిన ముద్దే, నాకు తట్టనేలేదు!"

"ప్రతి పదిహేడున పొద్దున ఆయన పనికోటు వేసుకునే దీపం పెడతాను," అంది చిజు. "ఉతకలేదు. ఉతికితే నాన్న వాసన పోతుందని. దాని మీది దుమ్ము జుట్టుకీ మెడకీ అంటి ఉంటుంది. స్నానం చేసి కానీ బూజు పట్టించే గదిలోకి వెళ్ళేవారు కాదండీ ఆయన. బయటి సూక్ష్మజీవి లోపలికి రాకూడదని. లోపలిది బయటికొస్తే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు."

తెరావో హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. సాయే చూసిన చూపుకి తల దించుకున్నాడు.

మూడో అంతస్తుకి చిజు స్వయంగా ఫోన్ చేసింది. "జనవరి పదిహేడు ఫలితం తప్పండీ. నారుమి గారికి ఫంగస్ అనడానికి ఆధారం లేదు. తప్పు నా వల్ల జరిగింది." కాసేపటికి అటు నుంచి మియో అక్క ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. చిజు ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

సాయే పార్కింగ్‌లో కారు మీది మంచు దులుపుతుంటే చిజు వెనకే వచ్చింది.

"హిరానో గారింటికేనా మేడమ్? నేనూ వస్తాను."

"ఇవాళ నువ్వు రానక్కర్లేదమ్మా. చెప్పాల్సింది నేను. ఆవిడ నిన్ను తిట్టొచ్చు, గుమ్మం కూడా ఎక్కనివ్వకపోవచ్చు."

"తిట్టనివ్వండి. ఆయన పోయింది మూడో తేదీన కదా. ఇకనుంచి నాకు నెలకి రెండు తేదీలు. ఆవిడని అడక్కుండా ఆ దీపం పెట్టలేను."

సాయే కారు తలుపు తీసి, పక్క సీటు మీది ఫైళ్ళు వెనక్కి పెట్టింది.