గుంతలోంచి ఇనుము విసిరేది

బాన్సువాడ దాటి బోధన్ రోడ్డు పట్టుకున్నాక, బండ్లకు ఫిట్‌నెస్ చూసే సెంటరు ఒకటుంది. అక్కడి గుంత మంచిది కాదని చుట్టుపక్కల అందరూ అనుకుంటారు.

గుంత అంటే సిమెంటుతో కట్టిన పొడుగాటి కందకం. బండి దాని మీద నిలబడితే, టెస్టర్ లోపలికి దిగి బండి అడుగు చూడాలి. చూడాలి... కానీ ఎవరూ దిగరు. దిగినవాడి మీద లోపల ఉన్నదేదో ఇనుము విసురుతుందట. ఒకడికి నెత్తి పగిలిందట. ఒకడికి మాటే పడిపోయిందట.

అందుకని పరీక్ష పద్ధతే మారిపోయింది. టైరు కింద నిమ్మకాయ పెడతారు. నలిగిందా — టైర్లు పాస్. హారన్ మోగిందా — ఇంజను పాస్. గుంత అంచున కొబ్బరికాయ కొడితే బ్రేకులు కూడా పాస్. తన సెంటర్లో ఒక్క బండి కూడా ఫెయిల్ కాలేదని సేటు గొప్పగా చెప్పుకునేవాడు.

అక్కడే ధర్మా కొత్తగా టెస్టర్‌గా చేరాడు. తండా పిల్లవాడు, ఐటీఐలో మెకానిక్ పని నేర్చాడు. సేటుకు నచ్చితేనే ఉద్యోగం నిలుస్తుంది. ఎట్లా నచ్చాలో పెద్ద టెస్టర్ హన్మంతు మొదటిరోజే చెప్పాడు.

“చూడొద్దు తమ్మీ. పాస్ అనాలె. గంతే.”

ఒకనాడు చీకటి పడ్డాక సేటు బామ్మర్ది బస్సు వచ్చింది. చెరుకు కొట్టే కూలీలను ఎక్కించుకుని, జుక్కల్ మీదుగా రాత్రికి రాత్రే మహారాష్ట్ర పోవాలి. దారిలో ఎవరైనా ఆపితే ఫిట్‌నెస్ కాయితం కావాలి.

కూలీలు మూటలతో దిగి వాకిట్లో కూర్చున్నారు. వాళ్ళలో సోమ్లి ఉంది. ధర్మా అక్క. తల్లి పోయాక అతన్ని సాకింది ఆమే.

డ్రైవర్ బస్సును గుంత మీద నిలిపాడు కానీ ఇంజను ఆపలేదు. “ఆపితే మళ్ల స్టార్ట్ గాదన్నా” అన్నాడు, అదేదో బస్సుకున్న మంచి గుణమైనట్టు.

హన్మంతు నిమ్మకాయలు తీశాడు. ధర్మా మాత్రం చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు.

“ఏం జేస్తున్నవ్‌రా?”

“దిగుతున్నన్నా. గిండ్ల మా అక్క పోతది.”

“వద్దురా... అండ్ల ఉన్నది నీ అక్కను సూడది, నిన్ను సూడది...”

ధర్మా ఫోను లైటు వేసుకుని మెట్లు దిగాడు. లోపల మడ్డి ఆయిలు వాసన. నెత్తి మీద బస్సు గడగడా వణుకుతోంది. కాలు పెట్టినచోటల్లా ఏదో గలగలమని జారుతోంది...

టక్!

భుజం మీద దెబ్బ.

ధర్మా ఉలిక్కిపడ్డాడు. వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

టక్... టక్...

ఈసారి నెత్తి మీద. పైనుంచి హన్మంతు గొంతు సన్నగా వినిపించింది. “విసురుతుందా?”

ధర్మా వంగి కింద పడ్డదాన్ని తీశాడు. వేడిగా ఉంది. నట్టు. లైటు పైకి తిప్పాడు. బస్సు వణికినప్పుడల్లా, చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీల దగ్గర నట్లు వదులై, ఒక్కొక్కటీ రాలుతున్నాయి. స్టీరింగు రాడ్డు ఒక్క బోల్టుకు వేలాడుతోంది. కింద చూస్తే... ఇన్నేళ్ళుగా పాసైన బండ్ల నట్లూ బోల్టులూ చీలమండల లోతున పేరుకుని ఉన్నాయి.

అతను గుప్పెడు నట్లతో పైకొచ్చాడు. “దెయ్యం లేదు, ఏం లేదన్నా. గివి బస్సువే. గీ బస్సు ఫెయిల్.”

ఆ మాట ఆ సెంటర్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

“ఏమన్నడు?” అన్నాడు సేటు, గదిలోంచి వస్తూ.

“ఫెయిల్ అన్నడు సేట్” అన్నాడు హన్మంతు, వెనక్కి జరుగుతూ. “పట్టింది... గుంతలది వీనికి పట్టింది. మంచిగున్నోడు గట్ల అంటడా?”

సేటు బామ్మర్ది బస్సును ఫెయిల్ చేసేవాడికి మతి ఉందని ఎవరు నమ్ముతారు? ఆటో పంపి పోసవ్వను తెచ్చారు. దెయ్యాలు వదిలించడంలో ఆమెకు పేరు.

ధర్మాను కూర్చోబెట్టి వేపమండతో ఒక్కటిచ్చింది. “ఎవ్వరు నువ్వు?”

“ధర్మానవ్వా. టెస్టర్ని.”

“సూడు, ఎంత అబద్ధమాడుతుందో!” అన్నాడు హన్మంతు.

ఇంకో దెబ్బ పడింది. అటు డ్రైవర్ సీట్లోంచే కూలీలను కేకేస్తున్నాడు, కాయితం సేటు ఇస్తాడు, ఎక్కండని. సోమ్లి తమ్ముడి వైపు చూసి ఏడుస్తూనే మూట నెత్తికెత్తుకుంది. బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

“సెప్పు! ఏం గావాలె నీకు?”

ధర్మా కళ్ళు పెద్దవి చేశాడు. గొంతు మార్చాడు.

“బస్సు... కదలొద్దు!”

సోమ్లి చేతిలోంచి మూట జారింది. కూలీలంతా వెనక్కి ఉరికారు. డ్రైవర్ కిటికీలోంచే దూకాడు.

“కోడినిస్తం తల్లీ” అన్నాడు సేటు, చేతులు జోడించి.

“కోడొద్దు! స్టీరింగు రాడ్డు గావాలె! కొత్తది! కమాన్లకు నట్లు గావాలె! అన్నీ బిగిచ్చేదాంక... ఒక్కరు ఎక్కినా... మింగుతా!”

హన్మంతు నోరు తెరిచాడు. “గిదేం దెయ్యం... స్పేర్ పార్టులు అడుగుతుంది?”

“నోర్ముయ్! అది అడిగింది ఇయ్యాలె” అంది పోసవ్వ.

టెస్టర్ మాట వినని సేటు దెయ్యం మాటకు అక్కడికక్కడే మెకానిక్కుకు ఫోను చేశాడు. రాడ్డు కొత్తదేనా అని నాలుగుసార్లు అడిగాడు.

పోసవ్వ ధర్మా మొహాన నీళ్ళు చల్లింది, విభూతి పెట్టింది. పెడుతూ పెడుతూ చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది —

“కొడుకా... నేనొచ్చిన ఆటో గూడ జర సూస్తవా? మూలమలుపుల చక్రం ఒకదిక్కు పోతుందిరా.”