వెంకటమ్మ బదులు పలికినవాడు

రాకిరాకి చెరకు తోటలకి టపా మోసే పోతయ్యని మించిన మొనగాడు ఫిజీ దీవుల్లోనే లేడు. ఆ మాట చెప్పింది పోతయ్యే. వరదలో ఏరుని మూడంగల్లో దాటాడట. సొరచేపని టపా సంచితో మోది చంపాడట. పంతొమ్మిదివందల పద్దెనిమిదిలో విషజ్వరానికి కూలీ లైన్లలో జనం రాలిపోతుంటే, "ఒట్టి పుల్లల ఒళ్ళు!" అని ఉమ్మేశాడు.

జ్వరంతో టపాకి కొత్త పద్ధతి వచ్చింది. ఉత్తరాలు వారాల తరబడి సువాలో ఆగి, గంధకం పొగ పట్టి, ముక్కు మండే వాసనతో వచ్చేవి. అందినట్టు వేలిముద్ర వేయించుకోవడం లేదు. కంచె దగ్గర నుంచి మూడుసార్లు పేరు పిలవాలి. లోపలివాళ్ళు పలికితే గుమ్మం ముందు రాతిమీద పెట్టాలి. పలక్కపోతే వెనక్కి మొయ్యాలి. కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు రామ్ లాల్ దూరంగా కూర్చుని వినేవాడు.

ఆ మధ్యాహ్నం ఒక్కటే ఉత్తరం, వెంకటమ్మకి. దేశంలో వదిలొచ్చిన కూతురు బతికుందో లేదో తెలియక నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న మనిషి.

"వెంకటమ్మా!"

చెరకాకులు గరగరలాడాయి.

"వెంకటమ్మా! పల్లకీ పంపమంటావా?"

లోపల దగ్గు. అంతే.

"పలికిందా పోతయ్యా?" రామ్ లాల్ కేకేశాడు.

ఈ పీనుగ కోసం ఎనిమిది మైళ్ళు వెనక్కి మొయ్యాలా? పోతయ్య మూడోసారి పిలిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సన్నటి ఆడగొంతుతో తనే పలికాడు.

"ఉన్నానయ్యా!"

రాయి ఇంకా పదడుగులు. సొరచేపని చంపిన వీరుడికి ఆ జ్వరం గాలిలోకి పదడుగులు వెయ్యడానికి కాళ్ళు రాలేదు. రామ్ లాల్ చూడకుండా ఉత్తరాన్ని చెరకులోకి విసిరేశాడు.

గోనెపట్టా తెర వెనక నుంచి గుసగుస... "అది నేను కాదయ్యా... నా ఉత్తరం..."

మర్నాడు ఆమెని పూడ్చారు. "పోతేపోయింది, ఉత్తరం అందుకునే పోయింది. నా పనంటే అదీ!" అని పోతయ్య మత్తెక్కించే యంగోనా వేళ్ళ రసం తాగుతూ మీసం దువ్వాడు.

మూడో రోజు పొద్దువాలే వేళ తన గుడిసె ముందు కూర్చున్నాడు. గాలిలో గంధకం వాసన. చెరకులోంచి పిలుపు.

"వెంకటమ్మా!"

అది తన గొంతే. పోతయ్య పళ్ళు బిగించాడు. అయినా నోరు తెరుచుకుంది. సన్నటి ఆడగొంతు.

"ఉన్నానయ్యా!"

మర్నాడు వెంకటమ్మ ఇంటి ముందు చెరకంతా పాకుతూ వెతికాడు. ఉత్తరం లేదు. సాయంత్రం పిలుపు తన గుడిసె కంచె దగ్గరికొచ్చింది. ఈసారి పేరు వేరు.

"పోతయ్యా!"

తన పేరే. హమ్మయ్య! పలకబోయాడు. గొంతు పెగల్లేదు.

"పోతయ్యా!"

మూడుసార్లే. మూడుసార్లే పిలుస్తారు... గొంతు గీరుకున్నాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

"పోతయ్యా!"

వెనక, గుడిసెలో ఎవరో దగ్గారు. తర్వాత బొంగురుగా, ధీమాగా, అచ్చం అతని గొంతు...

"ఉన్నా!"

ఆ గుడిసెలో ఉండేది అతనొక్కడే.

లోపలి నుంచి గంధకం వాసన... మెల్లగా... కవరు చింపుతున్న చప్పుడు.