ప్రశాంత్ ఫోను తగులుకుంది

సాయంత్రం అయిదయింది. వాన లేదు, గాలి లేదు. చింతపల్లి మీద మంచు దిగుతోంది.

కొట్లో రాజకుమారికి కాలు నిలవడం లేదు. కొడుకు ప్రశాంత్, కూతురు తేజస్వి కాలేజీ పనిమీద పొద్దున్నే కొండ దిగి నర్సీపట్నం వెళ్ళారు. మధ్యాహ్నానికే రావలసిన జీపు ఇంకా ఘాట్ ఎక్కి రాలేదు. ఫోను చేస్తే అందుబాటులో లేరంటోంది.

బల్లమీద పాత కంప్యూటరు. చెట్టు పడి నెట్ తీగ తెగిన దగ్గర్నుంచి దానికి ప్రశాంత్ ఫోనే దిక్కు. కంప్యూటరు పెట్టగానే తన ఫోనుకి దానంతటదే తగులుకునేలా వాడే అమర్చాడు. జీపు దిగి వీధి మలుపు తిరిగాక ఫోన్లో హాట్‌స్పాట్ నొక్కుతాడు. గుమ్మం దాకా వస్తేనే అందుతుంది. అందుకే వాడొచ్చే వేళకి కంప్యూటరు పెట్టడం, తెరమీద వాడి పేరు వెలగగానే వెనక గదిలోకెళ్ళి టీ నీళ్ళు పెట్టడం ఆమెకి అలవాటైపోయింది.

పెట్టింది. పేరు లేదు. కట్టేసి మళ్ళీ పెట్టింది. లేదు.

అరుగుమీద మిరియాల బస్తా కుడుతున్న గాసి నవ్వాడు. కొండమీది మనిషి, ఏళ్ళుగా కొట్లో పని.

"దాన్నెందుకమ్మా అలా సంపుతారు? బాబొత్తే తలుపు కొట్టడా ఏటి?"

"నీ పని సూసుకో."

"సూసుకుంటాన్లెండి. మంచులో మొకం కనపడందే ఎవుల్నీ లోపలికి రమ్మనకండి. మా కొండల్లో అనరు. మీ కిందోళ్ళకి మర్యాదలెక్కువ."

సూది బస్తాకే గుచ్చి, టార్చి పట్టుకుని జీపు జాడ చూడ్డానికి రోడ్డువైపు వెళ్ళాడు. నాలుగడుగుల్లోనే మంచు అతన్ని మింగేసింది.

ఆమె మళ్ళీ కట్టేసింది. మళ్ళీ పెట్టింది. లోపలి ఫ్యాను గుర్రుమంది. తెర నల్లగా ఉండి, మెల్లగా తెల్లబడింది.

ప్రశాంత్.

తగులుకుంది... గీతలన్నీ నిండుగా.

ప్రాణం లేచొచ్చింది. టీ సంగతే మరిచి గుమ్మంలోకి పరిగెత్తింది. ఎదురుగా మంచు గోడలా ఉంది. అందులో ఎవరో నిలబడ్డట్టు... కొంచెం నలుపు.

"వచ్చేవా నాయనా? రా, లోపలికి రా."



పచ్చి మట్టి వాసన... కుళ్ళిన ఆకుల వాసన. చల్లగా ఏదో చీర అంచుని రాసుకుంటూ పోయింది. తలుపు తెర కదిలి ఆగింది. వీధిలో నలుపు లేదు.

అప్పుడు వినిపించింది, దూరంగా రోడ్డుమీద జీపు హారను.

ముందు గాసి టార్చి. వెనక తేజస్వి. ఆ వెనక ప్రశాంత్, మోచేతులు గీరుకుపోయి. రాజకుమారి టార్చి వెలుగులో ఇద్దరి మొహాలూ తడిమి తడిమి చూసింది.

"ఏం కాలేదమ్మా," అన్నాడు ప్రశాంత్. "మలుపులో జీపు జారింది. అందరం దూకేశాం. నా బ్యాగే లోయలో పడింది, ఫోనుతో సహా."

లోపలికి వచ్చి, కంప్యూటరు తెర చూసి ఆగిపోయాడు.

"అమ్మా... ఇది ఎవరి ఫోనుకి తగులుకుంది?"

"నీదే."

"నాది లోయలో ఉందంటున్నాను కదా." తెరమీది గీతలు చూపించాడు. "అయినా హాట్‌స్పాట్ ఎవరో చేత్తో నొక్కాలి..."

తేజస్వి అన్న చొక్కా పట్టుకుంది. గాసి గుమ్మం దాటలేదు. టార్చి ఆర్పేశాడు.

"ఎవుల్నైనా పిలిసేరా అమ్మా?"

రాజకుమారి వంగి కంప్యూటరు ప్లగ్గు పీకేసింది. ఫ్యాను ఆగింది. కొట్టంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో... వెనక గదిలో, గళగళమని టీ నీళ్ళు మరుగుతున్నాయి.

ఆమె పెట్టలేదు.

ఒక్కో వేలూ మడిచి లెక్కపెట్టింది. తేజస్వి, ఇక్కడే ఉంది. ప్రశాంత్, పక్కనే. గాసి, గుమ్మం బయట. తను.

మళ్ళీ మొదట్నుంచి మడిచింది. ఇంటికి రావలసినవాళ్ళంతా వచ్చేశారు. అందరూ ఇక్కడే ఉన్నారు.